సీటు మిగిలితేనే

రేనో హౌతలా చనిపోయిన రోజున యూనివర్సిటీలో మూడు భవనాలు చల్లబడిపోయాయి.

ఫిబ్రవరి నెల, మంగళవారం. ఇనుప తలుపు ముట్టుకుంటే వేళ్ళు అంటుకుపోయే చలి. పెద్ద సరస్సు మీంచి వచ్చే గాలి దానికి తోడు. ఉదయం తొమ్మిదిన్నర ప్రాంతంలో బాయిలర్ హౌస్‌లో, రెండో నంబరు బాయిలర్ ఎదుట తన కుర్చీలో, చేతిలో కాఫీ కప్పుతో, ఎవరికీ ఏమీ చెప్పకుండా రేనో పోయాడు. ఎవరికీ ఏమీ చెప్పకపోవడం అతనికి మామూలే కాబట్టి పక్క కుర్చీలో ఉన్న క్లోవిస్ లామాట్‌కి ముప్పావుగంట దాకా అనుమానం రాలేదు.

ఆ ముప్పావుగంటలో ఆవిరి ఒత్తిడి పడిపోయింది. సంగీత విభాగంలో పియానో ముందు కూర్చున్నవాళ్ళ వేళ్ళు కొంకర్లు పోయాయి. ఉపాధ్యక్షుడొకాయన ఓవర్‌కోటు తొడుక్కునే సమావేశం నడిపాడు. ఇరవై ఏడేళ్ళ ఉద్యోగంలో పెద్దలందరూ ఒకేసారి రేనోని తలుచుకున్నది ఆ పూటే. పేరు తెలియదు కాబట్టి, "బాయిలర్ దగ్గర ఎవడేడుస్తున్నాడు?" అని తలుచుకున్నారు.

రేనో భార్య వెర్నాకి కబురు పాస్టీల దుకాణంలో అందింది. మాంసం, బంగాళాదుంపలు కూరి, కజ్జికాయ అంచు మడిచినట్టు మడిచి కాల్చే పాస్టీలు ఆ ఊరి మధ్యాహ్న భోజనం. ఆ దుకాణం వెర్నా, రేనో చెల్లెలు ఎల్మా కలిసి నడుపుతున్నారు. క్లోవిస్ టోపీ చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. చలికాలంలో ఆ ఊళ్ళో మగవాడు టోపీ తీశాడంటే సంగతి చెప్పనక్కర్లేదు. వెర్నా పళ్ళెంలో మిగిలిన తొమ్మిది పాస్టీల అంచులూ మడిచింది. పొయ్యిలో పెట్టింది. చేతులు కడుక్కుంది. తర్వాత కోటు తొడుక్కుంది.

అంత్యక్రియలు శనివారం జరిగాయి. సోమవారం వెర్నా యూనివర్సిటీ ఉద్యోగుల సౌకర్యాల ఆఫీసుకి వెళ్ళింది. బీమా కాగితాల కోసం రమ్మని ఉత్తరం వచ్చింది, నిజమే. కానీ ఆమె వెళ్ళింది దానికోసం కాదు.

యూనివర్సిటీలో పనిచేసేవాళ్ళకి టర్ముకి ఒక కోర్సు ఉచితం. ప్రొఫెసరైనా, బాయిలర్ కాసేవాడైనా ఒకటే. కాకపోతే ఒక మెలిక ఉంది. ఫీజు కట్టిన విద్యార్థులందరూ చేరాక, ఆఖరి రోజు సాయంత్రం నాలుగింటికి, ఏ క్లాసులోనైనా సీటు మిగిలితేనే. పెళ్ళిభోజనంలో ఆఖరి బంతిలో కూర్చున్నవాడికి ఏ కూర మిగిలితే అదే రుచి. రేనో ఇరవై ఏడేళ్ళు ఆఖరి బంతిలో కూర్చున్నాడు. నాచు మొక్కల శాస్త్రం చదివాడు. బైజాంటిన్ నాణేల గురించి చదివాడు. తేనెటీగల పెంపకం చదివాడు, అదీ పుస్తకంలో మాత్రమే. చెవిటివాళ్ళ సైగల భాషలో అతనికి అన్నిటికంటే ఎక్కువ మార్కులొచ్చాయి. అక్కడ నోరు తెరవనక్కర్లేదు.

అలా ముప్పై తొమ్మిది కోర్సులు, నూట పదిహేడు క్రెడిట్లు అయ్యాయి. డిగ్రీకి నూట ఇరవై కావాలి. మిగిలింది ఒక్క కోర్సు. అది డిగ్రీకి తప్పనిసరి. దాని పేరు 'బహిరంగ ప్రసంగం'. తమాషా ఏమిటంటే ప్రతి టర్మూ సీట్లు మిగిలిపోయే కోర్సు అదే. పిల్లలందరూ దాన్నుంచి పారిపోతారు. రేనో కూడా ఆరుసార్లు పేరిచ్చి ఆరుసార్లు పారిపోయాడు. ఏడోసారి జనవరిలో చేరాడు. మొత్తం ఐదు ప్రసంగాలు. రెండు అయ్యాయి. రెండుసార్లూ గురువారం ఇంటికొచ్చి, "అయిపోయింది" అన్నాడు. రెండుసార్లూ మామూలు కంటే ఎక్కువ తిన్నాడు.

మిగిలిన మూడూ ఎలాగైనా పూర్తి కావాలని, డిగ్రీ రేనో పేరు మీద రావాలని వెర్నా అనుకుంది. అంతకంటే ఆమెకి ఇంకే కోరికా లేదు.

ఆఫీసులో కూర్చున్న అమ్మాయి పేరు కొలీన్. ఉద్యోగంలో చేరి మూడు వారాలైంది. ఏ కాగితం ఎక్కడ ఉంటుందో తెలియక ప్రతి సొరుగూ రెండేసిసార్లు తెరుస్తోంది.

"ఆయన సీటు ఉంది కదమ్మా," అంది వెర్నా. "ఇంకా మూడు ప్రసంగాలున్నాయి. అవి నేను ఇస్తాను."

కొలీన్ నిబంధనల పుస్తకం తీసి 'ఉద్యోగి మరణం' అన్న పేజీ మీద వేలు పెట్టి చదివింది. "పార్కింగ్ స్టిక్కరు తిరిగివ్వాలి. తాళంచెవులు తిరిగివ్వాలి. చలికోటు సంస్థదైతే ఉతికి ఇవ్వాలి. క్లాసులో సీటు సంగతి ఏమీ రాయలేదండీ."

"నువ్వు ఈ ఊరి పిల్లవేనా?"

"అవునండీ. రేవు దగ్గర మా ఇల్లు. బ్రిస్బోయిల పిల్లని."

"మీ తాత నాకు తెలుసు. గడ్డకట్టిన సరస్సు మీద మంచుకి కన్నం పెట్టి చేపలు పట్టుకోవడానికి చేపల గుడిసె వేసేవాడు, రాళ్ళగుట్ట పక్కన. ఆయన పోయాక ఆ చోటు ఎవరికొచ్చింది?"

"మా నానమ్మకి. ఇంకెవరికొస్తుంది?"

"చర్చిలో ఆయన కూర్చునే చోటు?"

"అదీ నానమ్మదే."

"బౌలింగ్ జట్టులో?"

"నానమ్మే ఆడిందండీ. ఆ ఏడు కప్పు కూడా తెచ్చింది. తాత ఉన్నప్పుడు ఎప్పుడూ రాలేదు."

"మరి?"

కొలీన్ పుస్తకం మూసింది. ఆ ఊళ్ళో మొగుడు పోతే అతని చోటు పెళ్ళానికి రావడం పొద్దున్నే సూర్యుడు రావడం లాంటిది. అలాంటిది పుస్తకంలో రాయలేదంటే రాయనక్కర్లేక రాయలేదన్నమాట. ఆమె కంప్యూటర్‌లో రేనో పేరు తీసేసి వెర్నా పేరు కొట్టింది. కాగితం అచ్చు తీసి ముద్ర వేసి ఇచ్చింది. "ఆల్ ది బెస్ట్ అండీ," అంది. ఆ ఆఫీసులో ఆ నెలలో ఒక్క రోజులో పూర్తయిన పని అదొక్కటే.

ఎల్మాకి ఈ సంగతి చెప్పినప్పుడు ఆమె పిండి చేతులతోనే నడుం మీద చేతులు పెట్టుకుంది.

"వదినా, నీకేమైనా పిచ్చా? అన్నయ్య నీకు ఇల్లు ఇచ్చాడు, ట్రక్కు ఇచ్చాడు, మంచు తోసే మెషీన్ ఇచ్చాడు. అవి చాలక ఆయన పరీక్షలు కూడా వారసత్వమా?"

"పరీక్షలు కాదు. ప్రసంగాలు."

"అన్నయ్య ప్రసంగం! చిన్నప్పుడు మా ఇంటికి నిప్పంటుకుంటే నన్ను లేపి, 'బయటికి' అన్నాడు. అంతే. అదే ఆయన జీవితంలో పెద్ద ప్రసంగం."

"బతికావుగా?"

"బతికాననుకో," అంది ఎల్మా.

క్లాసు మంగళ, గురువారాల్లో, పాత అటవీశాఖ భవనంలో. గదిలో పందొమ్మిది మంది పిల్లలు, అందరూ కోట్లు విప్పకుండా కూర్చున్నారు. కిటికీ కింద గదిని వేడిచేసే రేడియేటర్ ఉందిగానీ అది అలంకారానికే. పాఠం చెప్పే మిస్ డెలానీకి ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. ఆమె యూనివర్సిటీ ఉద్యోగి కాదు, టర్ముకింత అని లెక్కగట్టి పిలిపించుకునే మనిషి. మూడు ఊళ్ళలో మూడు కాలేజీల్లో చెబుతుంది. బీమా లేదు, సెలవు లేదు, ఉచిత కోర్సు అసలే లేదు. చచ్చిపోయిన బాయిలర్ మనిషికున్న సౌకర్యం బతికున్న టీచరుకి లేదు.

ఆమె పేర్లు పిలుస్తూ, "హౌతలా" దగ్గర ఆగింది.

"ఉన్నానండీ," అంది వెర్నా వెనక వరసలోంచి, కాగితం పైకెత్తి.

మిస్ డెలానీ కాగితం చూసింది, ముద్ర చూసింది, వెర్నాని చూసింది. "ఆఫీసువాళ్ళు పంపారా? సరే అయితే. నన్నెలాగూ ఎవరూ ఏదీ అడగరు."

"ఆయన మొదటి రెండూ ఎలా ఇచ్చాడు?"

"అది తర్వాత మాట్లాడుకుందాం మిసెస్ హౌతలా," అంది టీచరు, చాక్‌పీసు కోసం బల్ల మీద వెతుకుతూ. చాక్‌పీసు ఆమె చేతిలోనే ఉంది.

మూడో ప్రసంగం ఏదైనా ఒక పని చేసి చూపించడం. రేనో చొక్కా జేబులో ఐదు అట్టముక్కలు దొరికాయి, ప్రసంగానికొకటి. మూడో దాని మీద 'మర. చెవి. గుడ్డ.' అని రాసి ఉంది. వెర్నా అది పట్టుకుని బాయిలర్ హౌస్‌కి వెళ్ళింది.

క్లోవిస్ అట్టముక్కని అటూ ఇటూ తిప్పి చూశాడు. "రేడియేటర్‌లో గాలి తీయడం. గాలి చేరితే అది వేడెక్కదు. రేనోకి ఇది చాలా పెద్ద వ్యాసం వెర్నా. పదకొండేళ్ళు పక్కన కూర్చున్నాను. నాతో మొత్తం పన్నెండు మాటలు మాట్లాడి ఉంటాడు. అందులో నాలుగు 'జరుగు' అనే."

"నాకు నేర్పు."

"నువ్వు పాస్టీలు చేసి చూపించొచ్చుగా? పిల్లలు తింటారు, మార్కులేస్తారు."

"ఆయన రాసుకున్నది ఇది."

క్లోవిస్ గోడకున్న మేకు మీంచి రేడియేటర్ మర తిప్పే చిన్న ఇత్తడి తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు. రెండు గంటల సేపు రకరకాల రేడియేటర్ల ముందు ఆమెని మోకాళ్ళ మీద కూర్చోబెట్టాడు. "నెమ్మదిగా తిప్పు. ముందు గాలి బుస్సుమంటుంది. తర్వాత నీళ్ళొస్తాయి. నీళ్ళు రాగానే కట్టెయ్. మొహం మాత్రం దాని ఎదురుగా పెట్టకు. ఇది పాము లాంటిది, పడగ పక్కన ఉండాలి."

గురువారం వెర్నా క్లాసులో రేడియేటర్ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ముందు వరసలో బ్రిన్ అనే అమ్మాయి ఉంది. ఐస్ హాకీ జట్టులో గోలు కాసే పిల్ల, భయమంటే తెలియదు. బాగా కనిపిస్తుందని దగ్గరికొచ్చి వంగింది.

"అమ్మాయ్, పక్కకి జరుగు," అంది వెర్నా.

"ఫరవాలేదండీ. నేను గంటకి డెబ్బై మైళ్ళ వేగంతో వచ్చే హాకీ బిళ్ళలు ఆపుతాను."

వెర్నా చెవి తిప్పింది. ఎన్నేళ్ళుగానో లోపల పేరుకుపోయిన గాలి బుస్సుమంది. వెనకే ఇంకు లాంటి నల్లటి నీళ్ళు చిమ్ముకొచ్చాయి. బ్రిన్ తెల్ల స్వెట్టర్ మీద గుండె దగ్గర మొదలై నడుం దాకా చార పడింది. బ్రిన్ దాన్ని చూసుకుని పడీ పడీ నవ్వింది.

"అందుకే," అంది వెర్నా, "మూడో వస్తువు గుడ్డ."

ఐదు నిమిషాల్లో గొట్టాలు టకటకమన్నాయి. పది నిమిషాల్లో పిల్లలు కోట్లు విప్పారు. మిస్ డెలానీ ఆ రేడియేటర్ మీద రెండు చేతులూ పెట్టి, కళ్ళు మూసుకుని, "ఏ మైనస్," అంది. మైనస్ ఎందుకంటే వెర్నా ఒక్కసారి కూడా క్లాసు వైపు చూడకుండా రేడియేటర్‌తోనే మాట్లాడింది.

నాలుగోది వాదించి ఒప్పించే ప్రసంగం. రేనో అట్టముక్క మీద రెండే మాటలున్నాయి: 'ముందు మేము.' ఇది ఎవరూ నేర్పనక్కర్లేదు. వెర్నా బల్ల అంచులు పట్టుకుని నిలబడి, ఈసారి క్లాసు వైపే చూస్తూ మాట్లాడింది.

"నా భర్త బైజాంటిన్ నాణేల గురించి చదివాడు. వాటి మీద ఇష్టం ఉండి కాదు, వేరే సీటు లేక. నాచు గురించి చదివాడు, సీటు లేక. ఈ భవనాలకి వేడి పంపేవాళ్ళు, మీ వాంతులు తుడిచేవాళ్ళు, మీకు గుడ్లు వేయించేవాళ్ళు ఆఖరి రోజు నాలుగింటికి లైన్లో నిలబడి, మీకు వద్దన్నది తీసుకుంటారు. ఆయన అసలు ఏం చదవాలనుకున్నాడో నాకు తెలియదు. అది ఏదైనా సరే, ఎప్పుడూ నిండిపోయే ఉండేది. ఒక్క రోజు, ఒకే ఒక్క రోజు ముందు వాళ్ళని చేరనివ్వండి. ఒక క్లాసులో మీకు సీటు దొరక్కపోతే ఏమవుతుంది? నాచు గురించి తెలుసుకుంటారు. దాని వల్ల ఇప్పటిదాకా ఎవరూ చావలేదు. నా మొగుడు పోయింది గుండెపోటుతో."

పందొమ్మిది మందిలో పదహారు మంది చేతులెత్తి ఒప్పుకున్నారు. ఒప్పుకోని ముగ్గురిలో ఇద్దరు నిద్రపోతున్నారు. మార్కు ఏ.

చిక్కంతా అక్కడే వచ్చింది. ప్రసంగం మరీ బాగా కుదిరింది. బ్రిన్‌కి గోలు కాయడంతో పాటు విద్యార్థుల పత్రికలో రాసే అలవాటు కూడా ఉంది. 'భర్త సీట్లో భార్య' అని పెద్దక్షరాల్లో వేసింది, బొమ్మతో సహా. బుధవారం ఆ పత్రిక ఉద్యోగుల సౌకర్యాల ఆఫీసు అధిపతి మిస్టర్ ప్రెంటిస్ బల్ల మీదికి చేరింది. గురువారం పొద్దున్న వెర్నాకి ఫోనొచ్చింది.

ఆమె వెళ్ళేసరికి కొలీన్ ఒక మూల కుర్చీలో ముక్కు ఎర్రగా చేసుకుని కూర్చుని ఉంది.

"ఆ పిల్లని ఏమీ అనకండి," అంది వెర్నా కూర్చోకముందే. "అడిగింది నేను."

"మిసెస్ హౌతలా, ముందుగా నా సానుభూతి," అన్నాడు ప్రెంటిస్. ఆయన సన్నటి మనిషి, మాటలు కూడా సన్నగా కోసి వడ్డిస్తాడు. "అయితే ఒకటి అర్థం చేసుకోవాలి. క్లాసులో సీటు చేపల గుడిసె కాదు."

"తెలుసండీ. గుడిసెలో పొయ్యి ఉంటుంది."

ప్రెంటిస్ అది వినలేదన్నట్టు కాగితాలు సర్దుకున్నాడు. "టర్ము మధ్యలో మిమ్మల్ని తీసేస్తే మా తప్పు మేమే రాసిచ్చినట్టవుతుంది. కాబట్టి తీసెయ్యం. మీరు పూర్తిచేసుకోవచ్చు. మీ మూడు క్రెడిట్లు మీకొస్తాయి."

"నాకా?"

"మీకే. సీట్లో ఉన్న పేరు మీది. ప్రసంగాలు ఇచ్చింది మీరు."

"మరి రేనోకి?"

"నూట పదిహేడు. ఎక్కడ ఆగారో అక్కడే."

వెర్నా చేతిసంచీని ఒళ్ళో సరిగ్గా పెట్టుకుంది. నూట పదిహేనో, పదహారో అయితే ఆమెకి అంత కష్టం అనిపించేది కాదేమో. ఆయనవీ తనవీ కలిపితే సరిగ్గా నూట ఇరవై. ఒక ఇంట్లో ఒక డిగ్రీ పూర్తయింది. కానీ అది ఎవరిదీ కాదు.

"దీనికి ఒక దారి ఉంది," అన్నాడు ప్రెంటిస్, గొంతు కాస్త మెత్తగా చేసి. చదువుతూ చనిపోయిన విద్యార్థికి గౌరవంగా డిగ్రీ ఇచ్చే ఏర్పాటు యూనివర్సిటీలో ఉంది. మే నెల ఉత్సవంలో వేదిక మీద ఖాళీ కుర్చీ వేస్తారు, దాని మీద పువ్వు పెడతారు, పేరు చదువుతారు. కుటుంబం ఒక ఫారం మీద సంతకం పెడితే చాలు. అయితే రేనో కన్నుమూసేనాటికి ఆ కోర్సులో ఉన్నట్టు లెక్క ఉండాలి, అంటే సీటు మళ్ళీ ఆయన పేరు మీదికి మారాలి. వెర్నా పేరు కొట్టేయాలి. "ఒక సీటుకి ఒకే పేరు. ఫారానికి గడువేమీ లేదు. మీరు ఎప్పుడు సంతకం పెట్టినా సరే, ఆ రోజు మీ మూడు క్రెడిట్లు చెరిపేసి ఆయనకి పట్టా ఇస్తాం."

"ఆ కోర్సు ఆయన పూర్తిచెయ్యకపోయినా ఇస్తారా?"

"చనిపోయారు కదా," అన్నాడు ప్రెంటిస్.

ఫారం చేతిలో పట్టుకుని ఆమె దుకాణానికి వచ్చింది. ఎల్మా దాన్ని చదవకముందే పెన్ను తెచ్చింది.

"పెట్టు వదినా సంతకం. పట్టా కౌంటరు వెనకాల తగిలిద్దాం. హౌతలాల వంశంలో ఇప్పటిదాకా గోడెక్కింది దుప్పి తలకాయ ఒక్కటే."

"చచ్చినందుకు ఇస్తారటే పట్టా."

"ఇస్తే ఏం? మా అన్నయ్య కష్టపడే చచ్చాడు. డ్యూటీలో చచ్చాడు."

"చావడానికి చదువెందుకు? అది ఎవరైనా చేస్తారు."

"ఇరవై ఏడేళ్ళు మిగులూ తగులూ తిన్న మనిషి! ఆఖర్న ఇంకొక ముద్ద మిగులు తింటే అరగదా? నీకు నీ మూడు మార్కుల మీద మోజు పుట్టింది, అదీ సంగతి."

"క్రెడిట్లు."

"ఏవో ఒకటి! ఆయన నూట పదిహేడు ఒక పక్కా, నీ మూడు ఒక పక్కా. తూకం వెయ్యి."

వెర్నా ఫారం మళ్ళీ తన ముందుకి లాక్కుంది. ఎల్మా అన్నదాంట్లో అబద్ధం లేదు. ప్రసంగం ఉన్న రోజుల్లో పొద్దున్నే నిద్ర లేవగానే వెర్నాకి మొదట రేనో గుర్తుకురావడం లేదు, మొదటి వాక్యం గుర్తుకొస్తోంది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

సంతకం పెట్టడానికే ఆమె ఫారం పూర్తిగా చదివింది. ఆమె ఏ కాగితమైనా చదివే సంతకం పెడుతుంది. మూడో వరసలో ఇలా ఉంది: 'పై విద్యార్థి మరణించునాటికి సదరు కోర్సునందు సంతృప్తికరముగా కొనసాగుచుండెనని ధ్రువీకరించుచున్నాను.' సంతకం దాని కిందే పెట్టాలి.

మంగళవారం క్లాసు అయ్యాక ఆమె మిస్ డెలానీని మెట్ల దగ్గర ఆపింది.

"ఆయన ఎలా మాట్లాడాడో తర్వాత చెబుతానన్నారు. తర్వాత వచ్చింది."

మిస్ డెలానీ పుస్తకాల సంచీ కింద పెట్టింది. పక్క ఊరి కాలేజీకి ఇంకో గంటలో చేరాలి, అయినా మెట్టు మీద కూర్చుంది. వెర్నా పక్కన కూర్చుంది.

"మొదటిది మిమ్మల్ని మీరు పరిచయం చేసుకోవడం. మూడు నిమిషాలు. ఆయన నలభై ఒక్క సెకన్లు మాట్లాడారు. 'నా పేరు రేనో హౌతలా. బాయిలర్ హౌస్.' ఆ తర్వాత చాలాసేపు ఆగి, 'చలిగా ఉంటే చెప్పండి' అన్నారు."

"రెండోది?"

"రెండోది..." మిస్ డెలానీ చేతి తొడుగులు ఒకదాంట్లో ఒకటి దూర్చింది. "నాలుగు నిమిషాలు నిలబడ్డారు. ఏమీ మాట్లాడలేదు. మొహం తుడుచుకున్నారు. గడియారం చూసి, సమయం అయ్యాక వెళ్ళి కూర్చున్నారు. ముందే కూర్చోలేదు."

"మార్కు?"

"మొదటిది డి. రెండోది ఎఫ్. నేను ఇంకేం వెయ్యగలను మిసెస్ హౌతలా?"

"ఇంకేం వేస్తారు," అంది వెర్నా. "ఇంటికొచ్చి 'అయిపోయింది' అన్నాడు. నాలుగు పాస్టీలు తిన్నాడు."

మిస్ డెలానీకి నవ్వు రాబోయి ఆగింది. వెర్నా నవ్వింది. తర్వాత అలాగే కూర్చుని, కోటు గుండీ ఒకటి విప్పి మళ్ళీ పెట్టుకుంది. మెట్ల మీంచి దిగే పిల్లలు వాళ్ళని దాటుకుంటూ వెళ్ళారు.

"ఫారంలో సంతృప్తికరంగా అని ఉందండీ," అంది చివరికి.

"అవన్నీ ఎవరూ పట్టించుకోరు. పెట్టేయండి. నేనైతే పెట్టేదాన్ని."

"అలాగే అంటారందరూ."

ఐదో ప్రసంగం ఒక మనిషికి నివాళి. రేనో ఐదో అట్టముక్క మీద ఏమీ రాసి లేదు. ఆ గురువారం క్లాసు తలుపు దగ్గర క్లోవిస్ నిలబడి ఉన్నాడు, బాయిలర్ మీద ఎవరిని పెట్టి వచ్చాడో తెలియదు. ఎల్మా దుకాణం మూసి మరీ వచ్చింది. వచ్చిందే గానీ వెర్నాతో మాట్లాడటం లేదు. వెనక వరసలో కోటు విప్పకుండా కూర్చుంది.

వెర్నా బల్ల దగ్గరికి వెళ్ళింది.

"నా భర్త ఈ గదిలో రెండుసార్లు నిలబడ్డాడు. మీరు చూశారు, నేను చూడలేదు. రెండుసార్లూ తప్పాడు. మూడోసారికి తయారవుతూ పోయాడు. ఆయన్ని పొగడాలని నాకు ఐదు నిమిషాలిచ్చారు. పొగడ్తలంటే ఆయనకి పడదు. భోజనం బాగుందంటే కూడా ఇంకో ముక్క తీసుకునేవాడు గానీ, ఆ మాట అనేవాడు కాదు. కాబట్టి ఆయన చెప్పని సంగతులు చెబుతాను."

ఆ తర్వాత ఆమె చెప్పిందంతా క్లాసుకీ ఆమెకీ మధ్య సంగతి. ఎక్కువ భాగం నవ్వించేదే. ఆరుసార్లు ఈ కోర్సులో చేరి ఆరుసార్లు పారిపోవడానికి రేనో చెప్పిన ఆరు సాకులూ వరసగా చెప్పింది. నాలుగో సాకు దగ్గర క్లోవిస్ కళ్ళు తుడుచుకున్నాడు, నవ్వి. నలభై ఒక్క సెకన్ల ప్రసంగం చెప్పినప్పుడు ఎవరూ నవ్వలేదు. మిస్ డెలానీ రెండుసార్లు గడియారం చూపించింది. వెర్నా రెండుసార్లూ తలాడించి కొనసాగించింది. ఏడు నిమిషాలైంది. మిస్ డెలానీ ఆమెకి బి ప్లస్ వేసింది, సమయం మించినందుకు కోత. హౌతలా ఇంటిపేరున్న మనిషి సమయం మించి మాట్లాడటం ఆ జిల్లాలో అదే మొదటిసారి.

బయటికొచ్చాక ఎల్మా ఆమెతో నాలుగు అడుగులు ఊరికే నడిచింది.

"ఐదో సాకు నేను చెప్పమన్నదే," అంది. "పంటి నొప్పి. అది నా ఐడియా."

"తెలుసు. నీ పేరు చెప్పలేదుగా."

"ఇప్పుడైనా పెడతావా సంతకం?"

"అందులో రాసింది నిజం కాదు ఎల్మా."

"నిజంతో గోడకి మేకు కొట్టలేం వదినా. పట్టాతో కొట్టొచ్చు."

ఇద్దరూ దుకాణం తెరిచారు.

టర్ము ముగిసింది. దాంతో పాటు రేనో సౌకర్యం కూడా ముగిసింది. ఇక మీదట వెర్నా చదవాలంటే అందరిలాగే ఫీజు కట్టాలి. కొలీన్ ఉద్యోగం నిలిచింది. నిబంధనల పుస్తకంలో 'సీటు వారసత్వముగా సంక్రమించదు' అని ఒక వాక్యం కొత్తగా చేరింది. ఉద్యోగులు ఇప్పటికీ ఆఖరి రోజు నాలుగింటికే చేరుతున్నారు. మే నెల ఉత్సవంలో వేదిక మీద ఖాళీ కుర్చీ వెయ్యలేదు.

జూన్‌లో వెర్నాకి మార్కుల కాగితం వచ్చింది. ఒక కోర్సు, మూడు క్రెడిట్లు, ఆమె ఇచ్చిన మూడు ప్రసంగాలకే లెక్కగట్టిన ఏ మైనస్. దాన్ని ఆమె రెండుసార్లు చదివి, ఫారం ఉన్న సొరుగులోనే పెట్టింది. ఎల్మా వారానికొకసారి అడుగుతూనే ఉంది.

రేనోకి ఇంకా మూడు క్రెడిట్లు తక్కువ. ఫారం మీద సంతకం ఇంకా పడలేదు.